గొడవ ఊర్లో, నొప్పి కడుపులో

అరుగు మీద సర్దుకుని కూర్చోండి. ఉగ్గాని తింటానే వినండి, ఈ పొద్దు చెప్పేది కడుపు గురించే.

మన బళ్లారి కౌల్ బజార్లో ఏ ఇల్లు చూసినా ఆలూరు దిక్కు చుట్టమో, గుంతకల్లు దిక్కు వియ్యంకుడో ఉంటారు. 1953లో బళ్లారిని మైసూరులో కలిపి గీత గీసినారు గానీ, పెళ్లి సంబంధాలకు గీత ఎవరు గీస్తారు? అందుకే 2008 మే నెలలో ఆ గీతకు అవతల దేవనకొండ మండలం కప్పట్రాళ్ల కక్షల్లో ఒక్క రోజే 11 మంది చచ్చిపోతే, ఇక్కడ మన అరుగుల మీద కూడా అదే మాట. పెద్దోళ్లు పార్టీలు, పగలు లెక్కేసుకుంటా కూర్చున్నారు. పిల్లోళ్ల సంగతి ఎవరడిగినారు?

అట్లాంటి కక్షలున్న పల్లె నుంచే మా చుట్టాలమ్మాయి కొడుకును మా ఇంటికి పంపింది. వాడి మీద ఎవరూ చెయ్యెత్తలేదు. కళ్లతో చూసింది కూడా లేదు, విన్నాడంతే. అయినా తెల్లారితే కడుపునొప్పి. జేజి జొన్నరొట్టె పెడితే అంచు తుంచి, మిగతాది తట్ట కిందికి తోసేవాడు. ఎదురింటి పెళ్లిలో టపాకాయలు కాలిస్తే మంచం కిందికి దూరినాడు. డాక్టరు నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. బడి ఎగ్గొట్టే ఎత్తని అందరూ నవ్వినారు.

ఎత్తు కాదురా. ఈ సంగతి ఒక పిల్లి బయటపెట్టింది. 1890ల చివర్లో, ఎక్స్‌రే కొత్తగా వచ్చినప్పుడు, హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే కుర్రాడు పిల్లికి మేత పెట్టి, దాని కడుపు ఎట్లా కదులుతుందో ఎక్స్‌రేలో చూస్తా కూర్చున్నాడు. ముడుచుకుంటా సాగుతా బాగానే ఆడుతోంది. పిల్లికి చిర్రెత్తిందో, బెదిరిందో, కదలిక టక్కున ఆగిపోయేది! నిమిరి సముదాయిస్తే మళ్లీ మొదలు. భయం మనసులో పుడితే కడుపు పని మానేస్తోంది, చూసినారా? ఆ కుర్రాడికి ఎంత సంబరమయి ఉంటుందో!

మూత్రపిండాల నెత్తిన చిన్న గ్రంథులు రెండున్నాయి, అడ్రినల్ గ్రంథులు. ప్రమాదం అనగానే అవి అడ్రినలిన్ వదుల్తాయి. గుండె దడదడ, ఊపిరి గబగబ, రక్తం ఎక్కువగా కాళ్లకు, చేతులకు. ముందు బతకాల, అన్నం తర్వాత అరిగించుకోవచ్చు. వెనకనే కార్టిసాల్ వస్తుంది, ఒంట్లో చక్కెర అందుబాటులో పెడుతుంది. మన బోరు మోటరు చూడండి, పంటకు గంటసేపు ఆడితే మేలే. ఆపేవాడు లేక నీళ్లయిపోయినా రాత్రంతా ఆడితే కాయిలు కాలుతుంది. రోజూ భయపడే పిల్లోడి ఒళ్లూ అంతే. ఏళ్ల తరబడి అట్లా సాగితే రక్తపోటు, చక్కెర, రోగాలతో పోట్లాడే శక్తి, అన్నీ దెబ్బతినొచ్చు.

అట్లా చెడేవాటిలో నిద్ర ఒకటి. కార్టిసాల్ తెల్లారి ఎక్కువ, నడిరేయి తక్కువ ఉండాల. 2018లో జెనిఫర్ హైసెల్, ప్యాట్రిక్ షార్కీ అనే పరిశోధకులు అమెరికాలో ఒక నగరం పిల్లల చేతికి నిద్ర కొలిచే పట్టీ కట్టి, ఉమ్మి పరీక్షించి చూసినారు. ఇంటి చుట్టుపక్కల ఏదైనా ఘోరం జరిగిన రాత్రి పిల్లలు ఆలస్యంగా పడుకున్నారు, తెల్లారి కార్టిసాల్ లెక్క తప్పింది. అంతకుముందు 2004లో ఏడు నగరాల్లో ఉబ్బసం పిల్లల్ని చూస్తే, గొడవలెక్కువ చూసిన ఇళ్లలో ఆయాసం రోజులూ ఎక్కువ. మనకా? 2011లో సుప్రీంకోర్టు గనులు ఆపేదాకా లారీల దుమ్ము చాలలేదా, దానికి తోడు ఇదీనా!

కప్పట్రాళ్లను తర్వాత, అప్పట్లో కర్నూలు ఎస్పీగా ఉన్న ఆకే రవికృష్ణ దత్తత తీసుకున్నాడు. పిల్లోళ్ల భయం తగ్గించేదే గదా, నాకైతే అది పోలీసు పని ఎంతో, వైద్యం కూడా అంతే అనిపిస్తుంది.

మావాడిని జేజి పక్కలో పండుకోబెట్టుకుంది. వాడి ముందర కక్షల మాట ఎత్తితే నన్నైనా బయటికి తోలేది. మెల్లమెల్లగా రొట్టె లోపలికి పోయింది.

ఏంరా, ‘సమరసింహారెడ్డి’ సినిమాలో అన్ని కొట్లాటలు చూస్తే నీకేమీ కాలేదా? హాల్లో పక్కన మీ నాయన ఉన్నాడు, ఇంటర్వెల్లో బజ్జీ ఉంది, శుభం కార్డు పడుతుందని నీకు ముందే తెలుసు. మోటరు ఆడింది, ఆగిపోయింది. మా పిల్లోడికి ఆ కార్డు ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేదు కదా.