పాత మోటారు కారు నుండి హీటరును తొలగించుట

మన ప్రాంతమున కారును చల్లబరచుటకే తంటాలు పడుదుము గాని వెచ్చబరచవలెనన్న ఆలోచన మనకు రాదు. అమెరికా ఉత్తర రాష్ట్రములలో స్థితి వేరు. అందుచేత 1927 నుండి 1931 వరకు ఫోర్డు కంపెనీ తయారుచేసిన ‘మోడల్ ఏ’ కార్లను కొన్నవారిలో అనేకులు హీటరును విడిగా కొని బిగించుకొనిరి. ఆ కార్లను పూర్వరూపమునకు తేదలచువారు నేడు దానిని ఊడదీయుచున్నారు. ఈ పని పైకి సులభము. కాని ప్రాణముతో ముడిపడినది.

ఇంజను పొగను వెలికి పంపు పోత ఇనుప గొట్టము మిక్కిలి వేడెక్కును. దానిపై తొడుగు వేసి, రేడియేటరు పంకా విసరు గాలిని అందులోనికి మళ్ళించి, వేడెక్కిన గాలిని ముందు గోడలోని రంధ్రము గుండా మనుషులు కూర్చుండు చోటికి పంపుదురు. లోపలి గొట్టము చిట్లినచో కార్బన్ మోనాక్సైడు కూడ ఆ దారినే వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో అది రక్తములోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొనును. మొదట తలనొప్పి, పిదప మగత, ఆపై మరణము.

తొలగించుటకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. తుప్పు పట్టిన మరలకు నూనె పోసి ఒక రాత్రి నాననీయవలెను. బలవంతము చేసినచో బోల్టు విరిగి ఇంజనులోనే నిలిచిపోవును. తొడుగు తీసిన పిమ్మట గొట్టములో బీటలున్నవేమో వెదకి, పాడైన గాస్కెట్లను మార్చవలెను. పాత గాస్కెట్లలో రాతినార ఉండవచ్చును గనుక వానిని పొడిగా గీకరాదు.

ఇంతటితో పని ముగిసినదనుకొనుట పొరపాటు. గోడలోని రంధ్రము మిగిలియున్నంత కాలము ఇంజను వైపు వాయువు లోనికి వచ్చుచునే యుండును. దానిని రేకుతో మూసి మరలతో బిగించవలెనే గాని వెల్డింగు చేయరాదు. ఏలయన ఈ కారులో పెట్రోలు ట్యాంకు ఆ గోడ వెనుకనే, కూర్చున్నవారి మోకాళ్ళకు ఎదురుగా ఉన్నది. చివరకు ఇంజనును ఆరుబయటనే నడిపి, గొట్టము అతుకుల వద్ద బుసబుస శబ్దము వచ్చునేమో వినవలెను.

మేము ఈ విషయమును విద్యార్థుల ముందుంచుటకు కారణము కలదు. ఒక వస్తువును తీసివేసినంత మాత్రమున అది తెచ్చిన ప్రమాదము తొలగదు. అది చేసిన రంధ్రమును కూడ వెదకి మూసినవాడే పని తెలిసినవాడు.