అటకమీది కెరిసు

క్రిందటి సంక్రాంతికి మేము కళింగపట్నమునకు చేరువనున్న యొక గ్రామమున బంధువులయింట దిగియుంటిమి. పండుగకు ఇల్లు దులుపుచు అటకమీది సామానులు దింపుచుండగా, చివికిన పట్టుగుడ్డలో చుట్టిన యినుపవస్తు వొకటి బయటపడెను. జానెడున్నర పొడవు, మొదట వెడల్పై, పాము ప్రాకినట్లు వంకరలు తిరిగి, కొనకు సన్నగిల్లినది. ఇంటికోడలు మంచి పనిమంతురాలు. పండుగనాటికి అన్నియు తళతళలాడవలెనని ఇత్తడిబిందెలతోపాటు దానినిగూడ చింతపండును ఇటుకపొడియు వేసి తెల్లగా తోమివైచెను. సాయంకాలమున అత్తగారు దానిని చేతబట్టుకొని, "దీనిమీద బియ్యపుగింజలు చల్లినట్లుండెడిదే, అవి యేమాయెనమ్మా?" యని కన్నీరు పెట్టుకొనిరి. కోడలు నివ్వెరపోయెను. "మరకలనుకొంటి నత్తయ్యా" యన్నది.

ఆ వస్తువు కెరిసు. మలయా, జావా దేశముల బాకు. అత్తగారి మామగారు రబ్బరుతోటలలో పనిచేసి తిరిగివచ్చునపుడు తెచ్చినదట. ఆయన ఫొటోయైన నింట లేదు. ఉన్న గురుతు ఇదియొక్కటే. ఈ వస్తువును గూర్చి మాకు కొంత పరిచయ ముండుటచే, ఆ రాత్రి తెలిసినదంతయు ఆ అత్తాకోడండ్రకు చెప్పితిమి. మన సోదరీమణుల యిండ్లలోను ఇట్టివి యుండవచ్చును గావున ఇచ్చట వ్రాయుచున్నాము.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలనుండి బర్మాకును మలయాకును పోయినవారు వేలకువేలు. నాడు ఈ సీమ విశాఖపట్నము, గంజాము జిల్లాలలో నుండెను. పెరాక్ రాష్ట్రమున బగాన్ దాతో ప్రాంతమున స్థిరపడిన తెలుగువారి సంతతి నేటికిని గలదు. 1938లో మన ప్రభుత్వము మలయాకు కూలీల నంపుట నిలిపివేసెను. తిరిగివచ్చినవారు పెట్టెలలో తెచ్చినది బట్టలు, గొడుగులు, పింగాణి, కొద్దిమంది కెరిసులు. మలయా ప్రజలు భారతీయులను ‘కెలింగ్’ అనెడివారు. కళింగశబ్దమే దానికి మూలమని పండితుల యభిప్రాయము. అది పిమ్మట తిట్టుగా మారుటచే మర్యాదగలవా రిపుడు వాడరు.

కెరిసు అలుగు రెండువైపుల సమానముగా నుండదు. మొదట నొకప్రక్కకు సాగియుండును. ఆ మొదలునకు ‘గంజా’ యను అడ్డముక్కను వేరుగా చేసి యతికింతురు. వంకరలను ‘లుక్’ అందురు; అవి యెల్లపుడు బేసిసంఖ్యయే: మూడు, అయిదు, ఏడు, పదమూడు. వంకరలేని కెరిసులును మెండుగా గలవు. తిన్నగా నున్నంతమాత్రమున కెరిసు కాదనరాదు. పిడి, ఒర ప్రాంతమునుబట్టి మారును. మలయాలో ఒక పిడిరూపమునకు ‘జావా దెమమ్’ అని పేరు, అనగా జ్వరముతో ముడుచుకొని కూర్చున్న జావావాడు! ఇట్టి పేరు పెట్టినవారికి హాస్యప్రియత్వము తక్కువ కాదు.

దీని యందమంతయు ‘పమోర్’లో నున్నది. కమ్మరి మామూలు ఇనుమును, నికెలు గలిసిన ఇనుమును పొరలుపొరలుగా పేర్చి, కాల్చి, మడచి, సాగగొట్టును. జావాలో ప్రంబానన్ దగ్గర పడిన యుల్కయొక్క ఇనుము నిందులకు వాడిరి. ఆ యుల్కాఖండము సురకర్త రాజప్రాసాదములో నుంచబడినది. అలుగును పులుసులో నుంచినపుడు ఇనుము నల్లబడును, నికెలు తెల్లగా నిలుచును. ముగ్గు వేసినట్లు రూపము తేలును. ఆ రూపములకు పేర్లు గలవు. కొబ్బరియాకుల వరుస యొకటి, బంగారువాన యొకటి, ‘బెరస్ వుతః’ యనునది ఒలికిన బియ్యము. ఇది యింట నున్నచో ధాన్యమునకు కొరతయుండదని వారి నమ్మకము. అత్తగారు చెప్పిన బియ్యపుగింజలు ఇవియే. మలయావారు అలుగుపై బొటనవ్రేళ్లతో కొలిచి అచ్చివచ్చునో రాదో చూతురు. మనవారు ఇల్లు కట్టుటకు ఆయము చూచినట్లే.

మధ్యజావాలో లావూ పర్వతముమీద సుకుః అను 15వ శతాబ్దపు దేవాలయము గలదు. అందొక రాతిఫలకముపై కమ్మరికొలిమి చెక్కబడియున్నది. కొలిమి తిత్తులు నొక్కుచున్నవాడు అర్జునుడు. నడుమ నాట్యమాడుచున్నవాడు విఘ్నేశ్వరుడు. కాలెడి యలుగును వట్టిచేత పట్టుకొన్నవాడు భీముడు. విరాటుని కొలువులో గరిటెపట్టిన మన భీమసేనుడు అచ్చట కమ్మరి యాయెను. అత్తగారికీ మాట చెప్పగా తొలిసారి చిరునవ్వు నవ్విరి.

జావాలో వరుడు కెరిసును వెనుకనడుమున దోపుకొని, పిడికి మల్లెదండ వ్రేలాడదీసికొని పెండ్లికి వచ్చును. వరుడు రాలేనిచో అతని కెరిసునే పంపి వివాహము జరిపించు నాచారమును గలదు. పెండ్లికుమార్తె యేమనుకొనెడిదో వ్రాసినవారు మాత్రము లేరు! స్త్రీలు ధరించు చిన్న కెరిసునకు ‘పత్రెమ్’ అని పేరు. సురో మాసములో, అనగా మొహర్రమునాడు మొదలగు నెలలో, మనము దసరాకు ఆయుధపూజ చేసినట్లు, వీనిని కడిగి పూలు చల్లి దాచుదురు. 2005లో యునెస్కోవారు ఇండొనేషియా కెరిసును మానవాళి వారసత్వసంపదగా ప్రకటించిరి.

ఇక శుభ్రపరచుట. కొబ్బరినీటిలో నానబెట్టి, నిమ్మరసముతో త్రుప్పు వదలించి, పిమ్మట పాషాణము కలిపిన నిమ్మరసము పూసి రూపము తేల్చుట జావావారి పద్ధతి. పాషాణము విషము, ఇంట, అందులో పిల్లలున్నచోట, దాని జోలికి పోరాదు. ఇటుకపొడి, ఇసుకకాగితము, పీచు ఎన్నడును తగదు. అయితే పమోర్ పైపూత కాదు, అలుగు లోపలి పొరలలోనిదే. కావున ఒకసారి తోమినంతనే సర్వనాశనము కాలేదని కోడలికి ధైర్యము చెప్పితిమి. ఆ పిల్ల రాత్రియంతయు నిద్రపోలేదు.

కొనగోరువారికి నొక్కమాట. మదురా ద్వీపమున సుమెనెప్ ప్రాంతములో నేటికిని నిపుణులైన కమ్మరులు కెరిసులు చేయుచున్నారు. కొత్తవి కొత్తవిగానే కొనుట గౌరవము. కాని వర్తకులు కొందరు కొత్తవానిని పులుసులో తినిపించి ప్రాతవని యమ్ముదురు. గంజా యతుకు కనబడవలెను. రూపము పొరలలోనుండి వచ్చినదా, పైన గీసినదా యని భూతద్దముతో చూడవలెను. కథ యెంత పెద్దదైన అంత యనుమానింపవలెను. ఎవరిదో తెలియనిది కొనుటకంటె, తెలిసినదానిని కాపాడుటయే మేలని మా మతము. 1830లో డచ్చివారు దీపొనెగొరో రాకుమారుని బంధించి, ఆయన కెరిసును తమ రాజునకు పంపిరి. అది సంగ్రహాలయములో నిది యేదియో తెలియకుండ పడియుండెను. తుదకు గుర్తింపబడి 2020లో ఇండొనేషియాకు తిరిగి యీయబడెను. చీటి పోయినందుననే ఇంతకాలము పట్టినది.

మరునాటి యుదయమున కోడలే నిమ్మకాయలు కోసి తెచ్చెను. మెత్తని గుడ్డతో రసము పూయుచు, కడుగుచు, ఆరబెట్టుచు మధ్యాహ్నమువరకు కూర్చుంటిమి. అలుగు మెల్లగా బూడిదరంగు తిరిగెను. కొనవైపు ఏమియు కనబడలేదు. మొదటివైపున, గంజాకు పైన, తెల్లని చుక్కలు అయిదారు తేలెను. అత్తగారు కండ్లజోడు పెట్టుకొని లెక్కపెట్టిరి.

బాగుగా తుడిచి కుట్టుమిషను నూనె పలుచగా పూసితిమి. ఒర దొరకలేదు. పాతసామానుల వర్తకు డొకడు ఈ సంగతి విని, నాలుగువేలిత్తునని గుమ్మమునకు వచ్చెను. కోడలే వానికి బదులు చెప్పి పంపివేసెను. పిమ్మట మనుమరాలి నోటుపుస్తకమునుండి కాగితము చింపి, మామగారి పేరు, ఆయన పనిచేసిన తోట యున్న రాష్ట్రము, తిరిగివచ్చిన యేడు అత్తగారు చెప్పుచుండగా వ్రాసి, కొత్తగుడ్డలో కెరిసుతోపాటు చుట్టిపెట్టెను. ఏడు విషయమై మాత్రము అత్తగారు రెండుమారులు మార్చిరి.