మట్టి పొరల్లో పాతకాలపు వానలు

వాన వెనుకబడితే మన సంఘాల్లో ప్రార్థనలు మొదలవుతాయి. పెద్దలు తమ చిన్ననాటి వానల్ని తలచుకుంటారు. అయితే మనిషి జ్ఞాపకం అరవై, డెబ్బై ఏళ్లకు మించదు, ప్రభుత్వ లెక్కలు కూడా నూటయాభై ఏళ్లకు కాస్త అటూఇటూ. అంతకు ముందు వానలెలా కురిశాయో చెప్పేది మట్టే.

చైనాలో పసుపు నది పరిసరాల్లో గాలి తెచ్చిపోసిన దుమ్ము వందల అడుగుల మందాన పేరుకుంది. పొడి, చలి కాలాల్లో దుమ్ము దట్టంగా పడింది. వానలు బాగా కురిసిన కాలాల్లో దానిపై గడ్డి, చెట్లు మొలిచి ఎర్రటి నేల తయారైంది. ఒకదానిపై ఒకటిగా ఉన్న ఆ పొరల్లో 26 లక్షల ఏళ్ల రుతుపవనాల చరిత్ర ఉంది.

మరి మన కామారెడ్డి జిల్లా డోంగ్లి నల్లరేగడి మాటేమిటి? ఆ నేల గాలి తెచ్చింది కాదు, లావా గట్టిపడిన నల్లరాయి చివికి ఏర్పడింది. వేసవిలో అది నెర్రెలు విచ్చుతుంది, పైమట్టి ఆ నెర్రెల్లోకి జారుతుంది, వాన పడగానే ఉబ్బి మూసుకుంటుంది. ఇలా తనను తానే దున్నుకునే నేలలో పొరలు కలిసిపోతాయి. పంటకు మంచిదే గాని, చరిత్ర చదవడానికి కష్టం.

అందుకు నంద్యాల జిల్లా జ్వాలాపురం వెళ్లాలి. సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద రెండు వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి జుర్రేరు లోయలో పడింది. చుట్టుపక్కల వాలుల నుంచి కొట్టుకొచ్చిన బూడిద కూడా చేరి, కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటింది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్‌ల బృందం ఆ పొరకు కిందా పైనా దాదాపు ఒకే తీరు రాతి పనిముట్లున్నాయని 2007లో ప్రకటించింది. అంటే అంతటి విపత్తు తర్వాతా అక్కడ మనుషులు బతికారని వారి వాదన.

వాతావరణం మాత్రం మారినట్టుంది. పాత నేలల్లో దొరికే సున్నపు గులకల్లో ఆనాటి మొక్కల కర్బనం దాగి ఉంటుంది. వేడి ప్రాంతపు గడ్డి కర్బనం ఒక రకం, చెట్లది మరో రకం. మధ్య భారతంలో బూడిద కింది గులకలు అడవిని, పైవి గడ్డి నేలలను చూపాయని 2009లో మరో బృందం తెలిపింది. ఇంత దూరపు బూడిదకే అడవి తగ్గిందా, లేక అప్పటికే వానలు తగ్గుతున్నాయా అన్న వాదన ఇంకా తెగలేదు.

బాధాకరమైన సంగతి ఒకటుంది. శుభ్రం చేసే పొడుల తయారీకి పనికొస్తుందని జ్వాలాపురం బూడిదను తవ్వి తరలించారు. తవ్విన చోట పొర మళ్లీ ఏర్పడదు.