గాయపడిన కార్మికునికి చెల్లించునది దానము కాదు

1968వ సంవత్సరము జూలై 6వ తేదీని జయపురములోని యొక సినిమాశాలయందు అలంకారపు పని చేయుచున్న వడ్రంగి యొకడు క్రింద పడెను. ఆ గాయముల ఫలితముగా అతని యెడమచేయి తీసివేయవలసి వచ్చెను. జయపురము మన తెలుగువారికి పరాయి చోటు కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు ఆ సంస్థానము విశాఖపట్టణపు జిల్లాలోనిదే. వడ్రంగి పరిహారము కోరెను. అతడు తన పనివాడు కాడనియు, విడిగా గుత్తకు వచ్చినవాడనియు యజమాని యొక మాట చెప్పెను. ప్రమాదము అతని యేమరుపాటువలననే కలిగినదని రెండవ మాట చెప్పెను. ఈ రెండు మాటలును మన ప్రాంతపు రైసుమిల్లులలోను, ఇటుకబట్టీలలోను నేటికిని వినబడుచునే యున్నవి.

ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు నడచెను. 1975 డిసెంబరులో వెలువడిన తీర్పులో న్యాయమూర్తులు రెండు సంగతులు స్పష్టపరచిరి. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక, పోయినది ఒక చేయియే యైనను అతని యశక్తత సంపూర్ణమైనదే యనుట మొదటిది. పరిహారము చెల్లింపవలసిన బాధ్యత అధికారి తీర్పు చెప్పిన నాడు గాక, గాయము తగిలిన నాడే పుట్టుననుట రెండవది. ఏడేండ్లకు పైగా సాగిన యా వివాదములో యజమాని అసలు సొమ్ముతోపాటు వడ్డీకిని, జరిమానాకును బాధ్యుడయ్యెను.

గాయముతోనే పుట్టు బాధ్యతను ఋణమనక మరియేమనవలెను? అయినను మనలో అనేకులు దానిని దయాధర్మముగా తలంచుచున్నారు. పనివాని వ్రేలు తెగినచో గుమాస్తాచేత కొంత సొమ్ము పంపించి, పండుగకు బట్టలు పెట్టి, తాము ఉదారులమని తృప్తిపడుచున్నారు. అప్పు తీర్చుటకు బదులు దానము చేసితినని చెప్పుకొనువానిని లోకము ఏమనునో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

పూర్వము పనివాడు యజమాని తప్పును రుజువు పరచినగాని పరిహారము పొందజాలకుండెను. ఇంగ్లండులో 1897నాటి శాసనము ఆ పద్ధతిని మార్చెను. మన దేశమున 1923లో కార్మిక పరిహార చట్టము వెలసి, 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దీని మూలసూత్రము సులభమైనది. మరపట్టీ తెగినచో దాని ఖరీదు వ్యాపారపు ఖర్చులో వ్రాసికొందుము. మరలో పడిన చేతి ఖరీదును ఆ వ్యాపారమే భరింపవలెను. తప్పెవరిదను ప్రశ్న ఇచట ముఖ్యము కాదు. పనివాడు మద్యపానము చేసియున్నను, రక్షణకై యిచ్చిన యాజ్ఞలను బుద్ధిపూర్వకముగ మీరినను, రక్షణసాధనమును కావలెనని తొలగించినను మాత్రమే యజమానికి మినహాయింపు కలదు. మరణమో, శాశ్వతమైన సంపూర్ణాశక్తతయో కలిగినచో ఆ మినహాయింపును లేదు. కేవలము ఏమరుపాటు ఎన్నడును సాకు కానేరదు.

ఈ సూత్రములు 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. ఆ స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఇంటినుండి పనిచోటికి పోవు దారిలో, తిరిగి వచ్చు దారిలో జరిగిన ప్రమాదములును, పనితో సంబంధము రుజువైనచో, దీని క్రిందికి వచ్చును.

ఋణ మెంతటిదో లెక్కించి చూతము. నెలకు 12,000 రూపాయల జీతముగల 30 ఏండ్ల పనివాడు మిల్లులో బొటనవ్రేలు పోగొట్టుకొనెననుకొందము. 1923నాటి చట్టపు లెక్క యిట్లుండెను: జీతములో నూటికి 60 వంతులు 7,200 రూపాయలు; ఆ వయస్సునకు నిర్ణయించిన గుణకము 207.98. రెంటిని హెచ్చింపగా 14,97,456 రూపాయలగును. బొటనవ్రేలు పోయినచో సంపాదనాశక్తిలో నూటికి 30 వంతులు నష్టమని పట్టిక చెప్పుచున్నది గనుక, అతనికి రావలసినది 4,49,236 రూపాయలు. ఇదిగాక వైద్యమునకైన వాస్తవవ్యయమునంతయు యజమాని భరింపవలెనని 2009లో సవరణ జరిగెను. గుమాస్తా చేతిలో పెట్టు ఐదువేలను ఈ మొత్తముతో పోల్చి చూచుకొనుడు.

ఇక వైద్యము సంగతి. రక్తము కారుచున్న మనుష్యుని ముందు చేర్పవలసినది ఆసుపత్రికి, తక్కినవన్నియు తరువాతివే. పోలీసుకాగితము లేదని ఏ వైద్యుడును వెనుకాడరాదనియు, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ప్రాణరక్షణకు తక్షణము పూనుకొనవలెననియు 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున సుప్రీంకోర్టు శాసించెను. పనివాడు రాజ్యబీమా పథకములో చేరినవాడైనచో ఆ ఆసుపత్రిలో చికిత్సయు, పనిచేయజాలని దినములకు వేతనములో నూటికి 90 వంతుల భృతియు లభించును. పనిలో తగిలిన గాయమునకు ఇన్నాళ్లు చందా కట్టియుండవలెనను నియమము లేదు. ఆ బీమాగలవానికి ఆ పథకమునుండియే భృతి వచ్చును. దానికి తోడు యజమానినుండి వేరుగా పరిహారము కోరుటకు వీలులేదు.

అయితే ఆసుపత్రి గడపయందే ఒక యన్యాయము జరుగుచుండును. “ఇంటిలో జారిపడితినని చెప్పుము, ఖర్చు మేము చూచుకొందుము” అని మేస్త్రి పనివాని చెవిలో చెప్పును. నొప్పితో మూల్గుచున్నవాడు సరేయనును. వైద్యుడు ఆ మాటనే చీటిలో వ్రాసికొనును. నెలలు గడచి, ఖర్చు చూచెదమన్నవారు ముఖము చాటువేసిన పిమ్మట ఆ చీటియే అతనికి ప్రతికూలసాక్ష్యమగును. కావున గాయము ఎచట, ఏ యంత్రమువద్ద, ఏ వేళ తగిలెనో మొదటి వైద్యునికే యథార్థముగ చెప్పి వ్రాయింపవలెను; యజమానికి వెంటనే వ్రాతమూలముగ తెలియజేయవలెను; చీటులు, మందుల రసీదులు, జీతపు ఋజువులు దాచుకొనవలెను. చదువురాని పనివానికి ఈ మాత్రపు సాయము చేయుట గ్రామములోని ప్రతి విద్యావంతుని విధి.

“మేము పొలము చేయువారము, కర్మాగారపు చట్టములతో మాకేమి పని?” యని భూస్వాములు కొందరు అనవచ్చును. ట్రాక్టరు మొదలగు యంత్రములతో జరుగు వ్యవసాయము, గొట్టపుబావుల పని, తాడిచెట్లు గీయుట, చెట్లు నరకుట — ఇవన్నియు 1923నాటి చట్టపు పట్టికలో చేరియుండెను. నూర్పిడి యంత్రములో చేయి పడిన కూలి కర్మాగారపు కూలికంటె తక్కువవాడు కాడు. వ్యాపారమునకై తెచ్చిన పనివారు మేస్త్రి మనుష్యులనుటయు చెల్లదు; గుత్తదారుని మనుష్యునికిని మొదటి యజమానియే చెల్లించి, పిదప గుత్తదారునినుండి రాబట్టుకొనవలెను.

పెద్దమనుష్యుల యెదుట జరుగు రాజీలను గూర్చియు ఒక మాట. పరిహారపు హక్కును వదలుకొనుచున్నానని పనివాడు వ్రాసియిచ్చిన పత్రము చట్టము నెదుట చెల్లదు. పనివాడు మరణించినచో ఆ సొమ్మును అధికారియొద్ద జమ కట్టవలెనేగాని, భార్య చేతికి నేరుగా ఇచ్చిన సొమ్ము పరిహారముగా పరిగణింపబడదు. వితంతువును బంధువులును, మధ్యవర్తులును దోచుకొనకుండుటకే ఈ కట్టుబాటు. యజమాని ఈ సంగతి యెరుగక ఇచ్చినచో రెండుమారులు చెల్లింపవలసి వచ్చును.

స్వరాజ్యము వచ్చినది తెల్లవాని స్థానమున నల్లవాడు కూర్చుండుటకు మాత్రమే కాదని ఆ పోరాటమున పాల్గొన్న పెద్దలు పలుమారు చెప్పిరి. ఆ మాటను నిలుపుకొనుటకు మనము చేయవలసినది మన గుమ్మములోనే యున్నది. ఈ పంటకాలము మొదలుకాకముందే ప్రతి మిల్లుదారుడును, యంత్రముగల ప్రతి రైతును తన పనివారి పేర్లు, జీతములు ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను. తిరుగుచున్న చక్రములకు కప్పులు వేయింపవలెను. పనివారిని బీమాలో చేర్పవలెను. అన్ని జాగ్రత్తలు మీరి ప్రమాదము జరిగిననాడు ఆసుపత్రిలో నిజము చెప్పనిచ్చి, రావలసిన సొమ్మును అడుగకముందే చెల్లింపవలెను. జయపురపు వడ్రంగివలె మరియొకడు ఏడేండ్లు కోర్టులచుట్టు తిరుగవలసిన యవసరము మనవలన కలుగరాదు.