మన యింటి వంశవృక్షమును వ్రాసికొనుట యెట్లు?

రాజుల వంశావళులు శిలాశాసనములలో చెక్కబడియున్నవి. జమీందారుల వంశావళులు వారి యాస్థానకవులు రచించిన కావ్యముల పీఠికలలో కలవు. శాసనమునకును కావ్యమునకును నోచుకొనని సామాన్య కుటుంబములవారు తమ పూర్వికులను తెలిసికొనుట యెట్లు? మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయబూనితిమి.

ముందుగా ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. పాత దస్తరములలో చాలభాగము మన తాతలను జ్ఞాపకముంచుటకై వ్రాయబడినవి కావు. శిస్తు వసూలు చేయుటకు ఒకటి, మాన్యముల హక్కు తేల్చుటకు వేరొకటి, సంఘములో చేరినవారిని లెక్కించుటకు మరియొకటి వ్రాయబడెను. కావున ఏ పాత కాగితము చేతికి వచ్చినను, దీనిని ఎవరు వ్రాసిరి, ఎందుకు వ్రాసిరి అని అడుగవలెను. అప్పుడు అందులో ఎవరి పేర్లున్నవో, ఎవరివి లేవో, ఏల లేవో బోధపడును.

అన్వేషణ కచ్చేరీలో గాక ఇంటిలోనే ఆరంభింపవలెను. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుట గణితమునకువలెనే దీనికిని పద్ధతి. మీ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు వ్రాసికొని, అవ్వతాతల యొద్ద కూర్చుండుడు. వారిని "మన పూర్వికు లెవరు?" అని అడిగినచో ఏమియు చెప్పలేరు. "నీ పెండ్లి ఏ యూరిలో జరిగినది? నీ పుట్టినింటివారి యింటిపేరేమి? నీ తోబుట్టువు లెందరు? వారిలో చిన్నతనములో పోయినవారెవరు?" అని ఒక్కొక్కటిగా అడిగినచో గంటసేపు చెప్పుదురు. పెట్టె అడుగున నున్న పాత పట్టా, పెండ్లి శుభలేఖ, బైబిలు మొదటి పుటలలో వ్రాసిన జనన మరణముల తేదీలు, సమాధిరాతిమీది యక్షరములు, ఇవన్నియు సాక్ష్యములే.

తెలుగువారికి ఇంటిపేరు గొప్ప సహాయము. పెక్కు ఇంటిపేర్లు ఊరిపేర్లనుండి పుట్టినవి. అట్టి పేరు, కుటుంబము ఒకప్పుడు ఏ యూరినుండి కదలివచ్చెనో సూచించును. కాని సూచన వేరు, రుజువు వేరు. ఒకే యింటిపేరు అనేక కులములలోను, ఎట్టి బంధుత్వమును లేని కుటుంబములలోను ఉండును. దత్తత వెళ్లిన బిడ్డకు ఇంటిపేరు మారును. ఇల్లరికపు అల్లుని బిడ్డలు కొన్ని యిండ్లలో తల్లివైపు ఇంటిపేరుతోనే పిలువబడిరి. మరియొక చిక్కు కలదు. మనుమనికి తాతపేరు పెట్టుట మన వాడుక. అందుచేత ఒకే యింట ఒక తరము విడిచి ఒక తరమున అదే పేరు వచ్చుచుండును. తండ్రిపేరుతో సరిచూడనిదే ఇద్దరు మనుష్యుల నొక్కనిగా కలిపివేయుట సులభము.

స్త్రీల పేర్లు సేకరించుట మరింత కష్టము. మేము పై తరగతులలో విచారింపగా, తాతతండ్రి పేరు చెప్పినవారు కొందరుండిరి; తాతతల్లి పేరు చెప్పినవారు మిక్కిలి అరుదు. పెండ్లితో స్త్రీ యింటిపేరు మారును. తరువాత ఆమె ఫలానివాని తల్లిగానే ఊరిలో పిలువబడును. ఆమె పేరు నేడు జీవించియున్న ముసలమ్మ యొకతెకు మాత్రమే తెలిసియుండవచ్చును. కావున తల్లుల పేర్లను ముందుగా వ్రాసికొనుడు.

ఇక కాలనిర్ణయము. పెద్దలు తేదీలు చెప్పరు. "ధాత కరువులో పుట్టితిని", "బందరు ఉప్పెనకు మా తాత పసివాడు" అని వినిన మాటలు చెప్పుదురు. ఇవి మంచి గుర్తులు. బందరు ఉప్పెన 1864 నవంబరు 1వ తేదీని వచ్చెను. నందన కరువు గుంటూరు సీమను పాడుచేసినది 1832-33లో. ధాత సంవత్సరము 1876 ఉగాదితో మొదలయ్యెను. ఆ పేర్లు అరువది యేండ్లకొకసారి మరల వచ్చును గనుక ధాత 1936లోను, 1996లోను తిరిగి వచ్చినది. ఒకామె ధాతలో పుట్టినదని మాత్రమే తెలిసి, ఆమె కుమారుడు 1900లో బాప్తిస్మము పొందినట్లు పుస్తకములో నున్నచో, ఆమె పుట్టినది 1876-77లోనే గాని 1936లో కాదని తేలును. రెవిన్యూ దస్తరములలో ఫసలీ సంవత్సరముండును. దానికి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1270 అనగా 1860 జూలై మొదలు 1861 జూన్ వరకు.

ఇప్పుడు కచ్చేరీ కాగితములకు వత్తము. కరణముల కవిలెకట్టలలో పొలములు, హద్దులు, శిస్తులు వ్రాయబడుచుండెను. కల్నల్ మెకంజీ దొర, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు సహాయకులచేత గ్రామవృత్తాంతములను సేకరింపించెను, అవియే కైఫీయతులు. వానిలో గ్రామము కట్టినవారి వంశములు, కరణముల క్రమము, దేవాలయ మాన్యములు కనబడును. 1858లో మద్రాసు ప్రభుత్వము నియమించిన ఇనాం కమీషను, మాన్యము అనుభవించువారి పేర్లను, వారి హక్కు ఎట్లు సంక్రమించెనో దానిని విచారించి రిజిస్టర్లలో వ్రాయించెను. పూజారులు, కరణములు, వెట్టివాండ్రు మొదలగు గ్రామసేవకుల వంశములవారికి ఇవి విలువైనవి. ఆంధ్రప్రదేశమున కరణముల యుద్యోగము 1984లో రద్దయ్యెను. దస్తరములు తాలూకా, మండల కార్యాలయములకును రాజ్యాభిలేఖాగారమునకును చెదరినవి.

జిల్లాల హద్దులు మారుటను కూడ గమనింపవలెను. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలోను, ఆ సంవత్సరమున గుంటూరు జిల్లా యేర్పడిన తరువాత అందులోను నుండెను. 1970 నుండి నేడు ప్రకాశమని పిలువబడు జిల్లాకు కేంద్రమయ్యెను. 1880 నాటి ఒంగోలు కాగితమును వెదకువాడు నెల్లూరు పేరుతో వెదకవలెను.

పై దస్తరములన్నియు భూమి గలవారినిగూర్చియో, మాన్యము గలవారినిగూర్చియో చెప్పును. సెంటు భూమి లేక ఆసాముల యింట పాలేరుతనము చేసినవాని పేరు వానిలో కానరాదు. భూమి లేదు గనుక శిస్తు లేదు; శిస్తు లేదు గనుక పేరు లేదు. అంతమాత్రమున వానికి వంశము లేదనుకొనరాదు. పిచ్చుకగుంట్లవారు రెడ్లు మొదలగు వ్యవసాయకులములవారికి గోత్రములను, ఇంటిపేర్లను పాడి వినిపించినట్లే, డక్కలివారు మాదిగవారికి వారి పుట్టుపూర్వోత్తరములను చెప్పుచు వచ్చిరి. కాగితము విడిచినవారిని నాలుక విడువలేదు. అయితే నోటిమాట తరతరమునకు కొంత పెరుగును, కొంత తరుగును. దానిని వినిన రీతిగా వ్రాసికొని, ఎవరు చెప్పిరో దానిప్రక్కనే గుర్తింపవలెను.

అట్టి కుటుంబములలో అనేకములకు తాతల పేర్లు వరుసగా వ్రాసిన తొలి పుస్తకము సంఘపు బాప్తిస్మ రిజిస్టరు. శిశుబాప్తిస్మమిచ్చు సంఘములలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తండ్రిపేరు, తల్లిపేరు, కాపురముండు ఊరు, వృత్తి అను కాలములు సాధారణముగా నుండును. తల్లిపేరు ఇందు దొరకును గనుక దీని విలువ మెండు. 1872 నాటి క్రైస్తవ వివాహచట్టము ప్రకారము ఉంచిన వివాహపుస్తకములో వధూవరుల తండ్రుల పేర్లే కలవు, తల్లుల పేర్లు లేవు. రెంటిని జోడించి చదివినప్పుడే కుటుంబము సంపూర్ణమగును. బాప్తిస్టు సంఘములలో పెద్దవారికే బాప్తిస్మ మిత్తురు. అచ్చట తేదీ విశ్వాసములో చేరిన దినమేగాని పుట్టిన కాలమును తెలుపదు. ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ తేదీని చూచి వీరందరు ఒక యీడువారని యెవరును తలంపరు గదా! చిన్న పుస్తకములలో గూడ ఆ వివేకమే యుండవలెను.

ఈ పుస్తకములలో నొక చిక్కు కలదు. బాప్తిస్మమందు పెక్కుమంది పేర్లు మారెను. పోలయ్య పౌలుగాను, అంకమ్మ అన్నమ్మగాను మారియుండవచ్చును. పుస్తకము వ్రాసినవారు పాతపేరు వ్రాయనిచో ఆవలి తరమునకు దారి మూసికొనిపోవును. అట్టిచోట ఇంటిపేరును, ఊరును, భార్యపేరును పట్టుకొని నడువవలెను. దొరలు తమ చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన పేర్లను గట్టిగా చదివి చూడుడు. కన్ను పోల్చుకొననిదానిని చెవి పోల్చుకొనును. వయస్సులు ముప్పది, నలువది అని గుండుగా నున్నచో వానిని అంచనాలుగానే యెంచుడు.

కొన్ని కుటుంబములలో "మా ముత్తాత తమ్ముడు ఓడయెక్కి పోయెను, తిరిగి రాలేదు" అను మాట వినబడును. దానికిని ఆధారము దొరకవచ్చును. 1860లో ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలతో బయలుదేరి నవంబరు 16వ తేదీని దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. 1911 వరకు ఈ దేశమునుండి నేటాలుకు లక్షా యేబది వేలకు పైగా జనులు పోయిరి. వారిలో విశాఖపట్టణము, గోదావరి మొదలగు జిల్లాల తెలుగువారు పెక్కురు. ఓడ పట్టికలలో ఒక్కొక్కరి సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, గ్రామము, ఒంటిమీది గుర్తులు కలవు. మారిషసు వలసదారుల దస్తరములు మోకా అను చోట మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడియున్నవి. ఊరిలో ఏ పుస్తకమునను కానరాని పాలేరు, సముద్రముదాటుటకై వ్రేలిముద్ర వేసిన దినమున మొదటిసారి తండ్రిపేరుతో సహా కాగితమెక్కెను. అతని నేల వ్రాసిరి? చెరకుతోటకు చేర్చిన మనిషిని లెక్క తప్పకుండుటకు. అయినను ఆ లెక్కయే నేడు అతని మనుమల మనుమలకు ఊరి దారి చూపుచున్నది.

సేకరించినదానిని వ్రాయుటకు నియమములు మూడు. ప్రతి సంగతి ప్రక్కను అది యెచ్చట దొరకెనో వ్రాయవలెను. రెండు సాక్ష్యములు కలిసినదానిని నిశ్చయమనియు, ఒక్కటే యున్నదానిని అనుమానమనియు గుర్తింపవలెను. ఖాళీని ఖాళీగానే విడువవలెను. ఈ మూడవది మిక్కిలి కష్టము. రాజుగారి దివాను, కోటకు సేనాని మా మూలపురుషుడని చెప్పుకొన ముచ్చట పడువారు, ఖాళీని అట్టి పేర్లతో నింపుదురు. అందువలన నిజముగా జీవించి, నారు పోసి, కరువున గంజి పంచుకొని, బిడ్డలను బ్రదికించిన తాత ఒకడు తన యింటిలోనే లేకుండపోవును. ఆసామి దస్తరము అతనిని విడిచినది. అతని మనుమడు గూడ విడువవలెనా?

ఈ పనికి ఎక్కువ కాలము లేదు. చెదపురుగు రిజిస్టర్లను తినుచున్నది. వానలో తడిసిన పుస్తకముల సిరా పాలిపోవుచున్నది. పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. సంఘపెద్దలు పాత పుస్తకములను తడిలేనిచోట నుంచి, ప్రతి పుటకును ఛాయాచిత్రము తీయించినచో గొప్ప మేలగును. విద్యార్థులు వేసవి సెలవులలో ఒక నోటుబుక్కు తీసికొని, పేరు, తలిదండ్రులు, ఊరు, కాలము, ఎట్లు తెలిసినది అను అయిదు గడులు గీసికొనవలెను. ఇంటిలో అందరికంటె పెద్దదియైన అమ్మమ్మనో, నాయనమ్మనో ముందుగా అడిగి, ఆమె తల్లిపేరు మొదటి గడిలో వ్రాయుడు.