డీజిలు జీపును విద్యుచ్ఛక్తితో నడుపుట: ఇంటియొద్ద చేయదగినంత, చేయరానంత

గత వేసవి సెలవులకు ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక పెద్దమనిషి మా గదికి వచ్చి, "అయ్యవారూ, మా నాయన కొన్న జీపును కరెంటు బండిగా మార్చుతానని మావాడు పట్టు పట్టినాడు. ఇది జరిగే పనేనా? తమరే చెప్పవలె" అని యడిగిరి. హోసకోట వైపున వారికి కొద్దిపాటి ద్రాక్షతోట గలదు. ఆ జీపు తోటలో చింతచెట్టు క్రింద నిలిచిపోయి కొన్నేండ్లయినది. కుమారుడు మా పాఠశాలలో పదవ తరగతి విద్యార్థి. తండ్రికి తెలియకుండ పాత సామానుల దుకాణమునుండి వాడిన బ్యాటరీ సెల్లులు కొన్ని తెచ్చి వరుసగా కలుపుచుండగా, చేతిలోని పానా జారి రెండు కొసలమీద పడి, మెరుపు మెరిసి, వాని వ్రేళ్లు కాలినవి. గాయము మానినది, పట్టుదల మానలేదు. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. అయినను పుస్తకములు చూచి, పని తెలిసిన మెకానిక్కుల నడిగి గ్రహించినది ఇచ్చట వ్రాయుచున్నాము. ఇట్టి జీపులు, ఇట్టి కుమారులు మరికొన్ని యిండ్లలోను గలరని మేమెరుగుదుము.

ఈ కోరిక మన బెంగుళూరికి క్రొత్త కాదు. శివనసముద్రములో 1902లో పుట్టిన విద్యుచ్ఛక్తి మొదట కోలారు బంగారు గనులకు పోయి, 1905లో ఈ నగర వీథులలో దీపమై వెలిగినది. ఎనిమిది సీసపు బ్యాటరీలతో నడచిన రేవా యను చిన్న కారు 2001లో ఈ యూరినుండియే వెలువడినది. ఇక 2023 మార్చిలో మన కాడుగోడికి వచ్చిన మెట్రో బండి పట్టాల ప్రక్కనుండు మూడవ పట్టాద్వారా 750 వోల్టుల శక్తిని గ్రహించి నడచుచున్నది.

పనిలో మొదటి భాగము సులభమే. డీజిలు యంత్రము, రేడియేటరు, నూనె తొట్టి, పొగగొట్టము తీసివేయవలెను. గేరుబాక్సును, నాలుగు చక్రములకు బలము పంచు రెండవ పెట్టెను అట్లే యుంచవలెను. గేరుబాక్సు ముఖమునకు సరిపడు ఇనుపపలకను లేతుమీద చేయించి, దానికి మోటారును బిగింతురు. ఇరుసులు రెండును వెంట్రుకవాసి తేడా లేకుండ ఒకే గీతలో నిలువవలెను. లేనిచో బేరింగులు కొద్ది దినములలో అరిగిపోవును.

డీజిలు యంత్రము కొంత వేగము నందుకొన్నగాని బలమీయదు. అంతకు తగ్గిన ఆగిపోవును. విద్యుత్తు మోటారు నిలుచున్న చోటనే తన పూర్తి బలము నిచ్చును. మిట్టలెక్కు బండికి ఇంతకన్న కావలసిన దేమి? 1971లో అపోలో 15 యాత్రికులు చంద్రునిపై నడిపిన బండికి చక్రమునకొకటి చొప్పున పావు అశ్వబలముగల నాలుగు మోటార్లు మాత్రమే యుండెను. గాలి లేని చోట డీజిలు ఎట్లును మండదు గదా! అయితే ఈ గుణమే పాత జీపునకు అపాయము కూడ. ముప్పదేండ్లనాటి ఇరుసులు, కీళ్లు ఆ ఆకస్మిక బలమునకు విరుగవచ్చును. కనుక మోటారు కొనుటకు ముందే వాటిని పరీక్షింపవలెను.

చాలమంది మరచునది బ్రేకు. అనేక డీజిలు బండ్లలో బ్రేకునకు బలమిచ్చు వ్యాక్యూము పంపును యంత్రమే త్రిప్పును. యంత్రము పోయిన పంపు పోవును. పెడలు రాయివలె బిగుసుకొనును. దానికి వేరుగా విద్యుత్తు పంపు అమర్చవలెను. దీపములకు, హారనుకు 12 వోల్టుల శక్తినిచ్చిన ఆల్టర్నేటరు కూడ యంత్రముతోనే పోవును గనుక, పెద్ద బ్యాటరీనుండి ఆ శక్తిని దించు పరికర మొకటి కావలెను.

ఇక బ్యాటరీ లెక్క. ఇది పిల్లలచేత పలకమీద చేయింపదగినది. లిథియము ఇనుప ఫాస్ఫేటు సెల్లు ఒక్కటి 3.2 వోల్టులు. అట్టివి 30 వరుసగా కూర్చిన 96 వోల్టులగును. ఒక్కొక్కటి 200 ఆంపియరు గంటల దైనచో మొత్తము 19.2 యూనిట్లు. లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్ల శక్తి గలదు. అనగా ఇంత బ్యాటరీలో నున్నది రెండు లీటర్ల డీజిలంత కూడ కాదు! కాని జీపు యంత్రము డీజిలు శక్తిలో నాలుగవ వంతుకు అటునిటుగా మాత్రమే చక్రములకు చేర్చును. మోటారు నూటికి ఎనుబదియైదు పాళ్ల వరకు చేర్చును. అందుచేత మంచి బాటలో నెమ్మదిగా పోయిన 75 కిలోమీటర్లు నడువవచ్చును. బురదలో, మిట్టలో అందులో సగమే యనుకొనుట మేలు. సీసపు బ్యాటరీలతో ఇంత శక్తి కావలెనన్న ఐదారు వందల కిలోగ్రాముల బరువగును. ఆ జీపు తన్ను తాను మోసికొనుటకే సరిపోవును.

ఆ బాలుని వ్రేళ్లు కాలిన కారణము తల్లిదండ్రులు తెలిసికొనవలసినది. మూడు వోల్టుల సెల్లు షాకు కొట్టదు, నిజమే. కాని రెండు కొసలను ఇనుము కలిపినచో ఒక్క క్షణములో వందలకొలది ఆంపియర్లు పారి ఇనుమే కరగును. ముప్పది సెల్లులు కూర్చిన పిమ్మట షాకు భయము కూడ తోడగును. వాహన ప్రమాణములలో 60 వోల్టులు దాటిన ఏకముఖ విద్యుత్తును ప్రమాదకరముగా నెంచెదరు. ఇంటిలోని ఏకాంతర విద్యుత్తు సెకనుకు నూరుమారులు సున్నకు వచ్చును గనుక తెగిన చోట నిప్పురవ్వ చల్లారును. ఏకముఖ విద్యుత్తులో అట్టి విరామము లేదు; రవ్వ సాగుచునే యుండును. ఉంగరము, గడియారము, కడియము తీయకుండ, రబ్బరు తొడుగులు లేకుండ, పానా పిడికి తొడుగు లేకుండ ఈ పని ముట్టరాదు. సెల్లులన్నింటిని సరిచూచు నియంత్రణ పలక, ఫ్యూజు, ఒక్క లాగుతో శక్తిని త్రెంచు మీట విధిగా నుండవలెను. వాడిన సెల్లుల చరిత్ర మనకు తెలియదు. అవి పడకగది ప్రక్కన చార్జి చేయుట నిప్పుతో నిద్రించుటయే.

ఇంతయు చేసినను బండి రోడ్డెక్కుటకు వీలుపడదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము తయారీదారు చెప్పిన వివరములకు భిన్నముగా బండిని యజమాని మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టు కూడ దీనిని గట్టిగా చెప్పినది. విద్యుత్తునకు మార్చుటకు త్రోవ లేకపోలేదు. ఏ.ఐ.ఎస్. 123 అను ప్రమాణము ననుసరించి పుణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థ పరీక్షించి యామోదించిన కిట్టును, దానికి అధికారము గలవారిచేత అమర్పించి, ప్రాంతీయ రవాణా కార్యాలయములో రిజిస్ట్రేషను పత్రమును మార్పించుకొనవలెను. ఆ కిట్టు మీ నమూనా బండికి ఆమోదింపబడినదా యని ముందుగానే చూడుడు. పెరటిలో స్వయముగా కూర్చినదానికి ఈ ముద్ర దొరకదు; ప్రమాదము జరిగిన నాడు బీమాయు నిలువదు. పదునైదేండ్ల గడువు దాటిన పత్రమును తిరిగి చేయించితిరా లేదా యన్నదియు ముఖ్యమే.

ధనము మాట. లీటరుకు 11 కిలోమీటర్లు, డీజిలు 90 రూపాయలు అనుకొన్నచో నూరు కిలోమీటర్లకు 800 రూపాయలు. విద్యుత్తునకు, యూనిటు 7 రూపాయల చొప్పున, సుమారు 200. మిగులు 600. ఏటికి మూడువేల కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండికి మిగులునది 18,000. బ్యాటరీ వెలయే లక్షలలో నుండగా, ఎప్పుడో తోటకు పోవు జీపును డబ్బు మిగులునని మార్చువారు పొరబడుదురని మా యభిప్రాయము. నిత్యము తిరుగువారి లెక్క వేరు.

ఈ మాటలన్నియు ఆ తండ్రీకొడుకులకు చెప్పితిమి. బాలుడు కొంతసేపు మౌనముగా నుండి, "అయ్యవారూ, తోట కంచె దాటకుంటే?" అని యడిగెను. కంచె లోపల రోడ్డు చట్టము అడ్డురాదు గాని విద్యుత్తునకు కంచె లేదని చెప్పితిమి. తుదకు ఒప్పందము కుదిరినది: ఇప్పటికి జీపు బ్రేకులు, ఇరుసులు విప్పి బాగుచేయుట, పనికిరాని డీజిలు యంత్రమును దింపుట బాలుని వంతు; సెల్లుల జోలికి పోవుట వాడు పాలిటెక్నిక్కులో చేరి, తెలిసిన గురువు ప్రక్కన నిలిచిన తరువాత. దసరా సెలవులలో మేము చూడబోయినప్పుడు నాలుగు చక్రములును విప్పి చింతచెట్టు మొదట ఆనించియుండెను. తండ్రిగారు కిరసనాయిలు డబ్బా పట్టుకొని కుమారునికి బేరింగులు కడుగుట నేర్పుచుండిరి.