ఊరి జనాభా పట్టిక - పాల బండి దారి

మన సంఘాల బీరువాలో పాల రిజిస్టరు, వెన్న పరీక్ష పుస్తకం, చెల్లింపుల పట్టిక తప్పక ఉంటాయి. ఊరి జనాభా ఎంత, ఏ పల్లెకు ఎలాంటి దారి ఉంది అన్న కాగితం మాత్రం మేము తనిఖీకి వెళ్ళిన చాలా చోట్ల కనిపించదు. అది పంచాయతీ వారి పని అని సభ్యులు అనుకుంటారు. కాని పల్లెకు రోడ్డు పడేదీ, పాల బండి వచ్చేదీ చాలావరకు ఆ అంకెలను బట్టే ఉంటుంది.

జనాభా లెక్కల శాఖ జిల్లాకొక కరదీపిక ప్రచురిస్తుంది. 2011 కరదీపికలో ప్రతి రెవెన్యూ గ్రామానికి కుటుంబాలు, స్త్రీ పురుషుల సంఖ్య, అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీల లెక్క ఉంది. బస్సు, ఆటో, ట్రాక్టరు, ఎడ్లబండి, తారురోడ్డు, కంకరరోడ్డు, కాలిబాట ఉన్నదీ లేనిదీ కూడా రాశారు. ఊళ్ళో లేని సౌకర్యం 5 కిలోమీటర్లలోపు దొరికితే 'ఎ' అనీ, 5 నుండి 10 లోపయితే 'బి' అనీ, అంతకు మించితే 'సి' అనీ గుర్తు వేశారు.

ఇక్కడొక చిక్కు ఉంది. ఈ పట్టికకు రెవెన్యూ గ్రామమే ప్రమాణం. శివారు పల్లెలు, తండాలు, గూడేలు అందులో విడిగా కనిపించవు. ఉదాహరణకు ఒక గ్రామ జనాభా 1,900 అనుకుందాం. అసలు ఊళ్ళో 1,100 మంది, ఒక శివారు పల్లెలో 520, మరొక దానిలో 280 మంది ఉన్నారు. తారురోడ్డు అసలు ఊరి వరకే వచ్చింది. పట్టికలో మాత్రం గ్రామానికి రోడ్డు 'ఉంది' అనే ఉంటుంది.

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన గ్రామాన్ని కాక ఆవాసాన్ని, అంటే విడి పల్లెను, లెక్కలోకి తీసుకుంటుంది. 2024 సెప్టెంబరులో ఆమోదించిన నాలుగవ దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలని లక్ష్యం. 2011 లెక్కల ప్రకారం మైదాన ప్రాంతంలో 500 మంది, గిరిజన షెడ్యూల్డు ప్రాంతంలో 250 మంది ఉన్న, రోడ్డు లేని పల్లెలు దీనికి అర్హం. పై ఉదాహరణలో 520 మంది ఉన్న పల్లె మైదానంలో ఉన్నా అర్హమే. 280 మంది ఉన్న పల్లె పాడేరు వంటి ఏజెన్సీలో ఉంటేనే అర్హం.

దీనికీ పాలకూ సంబంధమేమిటని అడగవచ్చు. పితికిన పాలను ఎంత త్వరగా 4 డిగ్రీలకు చల్లబరిస్తే అంత మంచిది. ఎండాకాలంలో చల్లబరచని పాలు కొన్ని గంటలకే పులుపెక్కుతాయి. బండి రాని పల్లెలో సభ్యురాలు క్యాను నెత్తిన పెట్టుకుని నడవాలి. వాన పడి బాట బురదైతే ఆ పూట పాలు కేంద్రానికి చేరవు, చేరినా వెనక్కు తిప్పి పంపవచ్చు. ఆ నష్టం ఆమె ఒక్కతే భరిస్తుంది.

కావున ప్రతి సంఘం పల్లెల వారీగా ఒక పట్టిక రాసుకోవాలి. పల్లె పేరు, ఇళ్ళు, జనం, పాలిచ్చే పశువులు, పాలు పోసే సభ్యులు, కేంద్రానికి దూరం, దారి రకం, వానాకాలంలో బండి నడవని రోజులు - ఈ ఎనిమిది గడులు చాలు. ఇది జనగణనకు బదులు కాదు. ఆ పల్లె జనాభా 2011లో ఎంతగా నమోదైందో పంచాయతీరాజ్ ఇంజనీరు కార్యాలయంలో విచారించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి గ్రామసభలో తీర్మానం కోరాలి. అడగందే అమ్మయినా పెట్టదు కదా.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణ తేదీ అని 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. లెక్క తీసేవారు వచ్చినప్పుడు శివారున ఉన్న ఏ ఇల్లూ తప్పిపోకుండా సంఘ కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు చూడాలి. 500కు పది మంది తక్కువ పడినా పల్లె మరికొన్నేళ్ళు కాలిబాటనే నమ్ముకోవలసి రావచ్చు.